కుండీలలోని మొక్కలకు ఎన్ని దినముల కొకసారి నీరు పోయవలయును?

జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి చేలలో పప్పుశనగ వేయు రైతులకు ఒక సంగతి బాగుగా తెలియును. అక్టోబరు, నవంబరు మాసములలో వానకు తడిసిన నేలలో విత్తనము పడిన పిమ్మట, మరల చినుకు రాలకున్నను, ఆ పైరు నేలలోని పదునుతోనే మూడు నెలలు నిలిచి కాయ పట్టును. అదే మాసములలో, అదే చేని మన్నుతో నింపిన కుండీలో నాటిన మల్లె మొక్క పది పండ్రెండు దినములు నీరు లేకున్న నిలువజాలదు. మన్ను ఒకటే, ఎండ ఒకటే. మఱి ఈ భేదమునకు కారణ మేమి?

శనగ వేరు అడుగుల లోతునకు దిగిపోవును. పై నేల ఎండినకొలది వేరు క్రిందికి పోయి అచ్చటి తడిని త్రాగును. కుండీలోని వేరునకు అట్టి దారి లేదు. నాలుగు ప్రక్కల గోడ, అడుగున మూత. ఆ జానెడు లోతులో నున్న నీరు అయిపోయినచో దానికి వేఱొక ఆధారము లేదు. కావున పొలములో అలవడిన లెక్కలు కుండీకి పనికిరావు. "వారమున కొక తడి" యను మాట చేనికి సరిపోవచ్చును గాని కుండీకి సరిపోదు.

ఈ విషయము పూల మొక్కలు పెంచు ముచ్చట గలవారికి మాత్రమే సంబంధించినదని తలంపరాదు. పులివెందుల ప్రాంతమున చీనీ తోట వేయదలచిన రైతు రైల్వే కోడూరు ప్రాంతపు నర్సరీలనుండి గాని మఱి యెచ్చటినుండి గాని అంటు మొక్కలు తెచ్చి, వాన కొఱకు ఎదురుచూచుచు, వానిని పాలిథీన్ సంచులలోనే చెట్టు నీడన వారములకొలది ఉంచవలసివచ్చును. ఆ సంచి యొక చిన్న కుండీయే. అందులో మొక్క చచ్చినచో పోయినది మొక్క వెల యొక్కటియే కాదు, ఒక ఋతువు పోయినట్లే. కఱవు ఏండ్లలో ట్యాంకర్లతో నీరు తోలించి చీనీ చెట్లను బ్రతికించుకొనిన రైతులకు ఒక్కొక్క బిందె నీటి విలువ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. నీరు తక్కువై మొక్క చచ్చుట యొక నష్టము. అరుదైన నీటిని అధికముగ పోసి మొక్కను చంపుకొనుట రెండు నష్టములు. మా యభిప్రాయమున రెండవదియే ఎక్కువగ జరుగుచున్నది.

ముందుగా కొంచెము లెక్క వేయుదము. 12 అంగుళముల నోరు గల మట్టి కుండీ సుమారు 15 లీటర్ల మన్ను పట్టును. మంచి మన్నులో ఐదవ పాలు మొక్కకు అందెడి నీరుండునని తీసికొన్నచో, నిండుగ తడిపిన కుండీలో 3 లీటర్లు నిలువయుండును. మే మాసమున మన ప్రాంతమున తెఱచియున్న తొట్టిలోని నీరు దినమునకు ఇంచుమించు 8 మొదలు 10 మిల్లీమీటర్ల వఱకు ఆవిరియగును. కుండీ నోటి వైశాల్యమునకు ఇది అర లీటరునకు పైన, ముప్పావు లీటరునకు లోపల. గుబురుగ పెరిగి కుండీ నోటిని దాటి వ్యాపించిన మొక్క అంతకు ఇబ్బడిగ త్రాగినను ఆశ్చర్యము లేదు. అనగా మూడు లీటర్ల నిలువ రెండు దినములలో చెల్లును. నిలువ పూర్తిగ చెల్లువఱకు కాచుట క్షేమము గాదు గనుక, అట్టి కుండీకి నిండు వేసవిలో ప్రతిదినమో, దినము విడచి దినమో నీరు కావలయును. అదే కుండీ డిసెంబరు మాసమున నాలుగైదు దినములు తాళును.

6 అంగుళముల వెడల్పు, 9 అంగుళముల పొడవు గల సంచిని చూడుడు. అందు పట్టు మన్ను లీటరున్నర. అందులో మొక్కకు దక్కునది 300 మిల్లీలీటర్లు, అనగా చిన్న చెంబెడు. వేసవిలో ఒక దినము ఏమఱిన ఆ నిలువ అయిపోవును. ఇక గుమ్మమున కిరువైపుల నుంచెడి పెద్ద సిమెంటు తొట్లు 60, 70 లీటర్ల మన్ను పట్టును. వానిలో చిన్న మొక్క యుండెనేని మే మాసమున కూడ వారము వఱకు తడి యారకపోవచ్చును. ఈ మూడింటికి ఒకే దినమున, ఒకే చెంబుతో, ఒకే తీరున నీరు పోయు ఇంట ఏదో యొకటి దప్పిచే చచ్చును, మఱియొకటి నీట కుళ్ళి చచ్చును.

కావున ఎన్ని దినముల కొకసారి యను ప్రశ్నకు దినములలో ప్రత్యుత్తరము లేదు. మన్నును చూచి నీరు పోయవలయును గాని పంచాంగమును చూచి కాదు.

ఇందులో మిక్కిలి మోసపుచ్చు సంగతి యొకటి గలదు. నీరు చాలని మొక్కయు, నీరు ఎక్కువైన మొక్కయు ఒకే తీరున వాడును. రెండింటి ఆకులును వ్రాలును. వేరు గాలి పీల్చుకొనవలయును. మన్నులోని రంధ్రములన్నియు నీటితో నిండి యెప్పుడును ఆఱకుండిన, వేరునకు ఊపిరి యాడదు. ఊపిరి యాడని వేరు నీటిని పైకి పంపజాలదు. నడుమువఱకు నీటిలో నుండియు మొక్క దప్పిచే వాడును. దానిని చూచి ఇంటివారు "అయ్యో, వాడుచున్నదే" యని మఱి రెండు చెంబులు పోయుదురు. అంతటితో దాని పని ముగియును.

చీనీ, నిమ్మ జాతి మొక్కలకు ఈ యపాయము మఱింత ఎక్కువ. ఈ జాతికి వేరుకుళ్ళు, బంకకారు తెగుళ్ళు కలిగించు శిలీంధ్రము తడి నేలను ఆశ్రయించి యుండును. దాని బీజములు మన్నులోని నీటిలో ఈదుచు వేరునుండి వేరునకు పోగలవు. ఎల్లప్పుడు బురదగ నుంచిన సంచి వానికి రహదారి వంటిది. మన ప్రాంతమున చీనీకి రంగపూరు నిమ్మ వేరుమూలముపై కట్టిన అంట్లనే వాడుమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వేరుమూల మెంత మంచిదైనను నిత్యము నీట నానిన వేరును కాపాడజాలదు. అంటు కట్టిన చోటు మన్నునకు పైన నుండవలయును. నీరు పోయునప్పుడు ఆ చోటు తడియకుండ సంచి అంచున పోయుట మంచిది.

మఱి ఈ రెండు విధముల వాడుటను గుర్తించుట యెట్లు? మధ్యాహ్నము రెండు గంటలకు వ్రాలిన ఆకును నమ్మరాదు. ఆ వేళ వేడిగాలికి నీరు సమృద్ధిగ నున్న మొక్క కూడ ఆకులు వ్రేలవేయును, సాయంకాలమునకు తనంతట తేరుకొనును. తెల్లవారుజామున చూడవలయును. రాత్రి చల్లదనము గడచిన పిమ్మట కూడ ఆకు వ్రాలియుండి, మన్ను ఎండి, కుండీ తేలికగ నుండెనేని అది దప్పి. ఆకు వ్రాలి, అడుగు ఆకులు పసుపు వాఱి, మన్ను తడిగ నుండి, పైన పచ్చని పాచి పట్టి, పులిసిన వాసన వచ్చుచుండెనేని అది నీటి వలన కలిగిన జబ్బు. సంశయము తీఱనిచో మొక్కను మన్నుగడ్డతో సహా మెల్లగ వెలికి తీసి చూడుడు. మంచి వేరు తెల్లగ గట్టిగ నుండును. కుళ్ళిన వేరు గోధుమవన్నెగ మెత్తబడి, వ్రేళ్ళతో లాగిన పై పొర తొడుగు వలె ఊడివచ్చును.

మన్ను తడిని తెలిసికొనుటకు యంత్ర మక్కఱలేదు. చూపుడు వ్రేలిని రెండవ కణుపు వఱకు, అనగా రెండంగుళములు, మన్నులోనికి దింపుడు. ఆ లోతున చల్లగ తడి తగిలిన ఆనాటికి నీరు వలదు. పొడిగ నుండిన పోయవలయును. పైపొర ఎండుట గుఱుతు గాదు. మన ఎండకు అది నీరు పోసిన రెండు గంటలకే ఎండును. పెద్ద తొట్టికి వ్రేలు చాలదు గనుక చీపురుపుల్ల నొకదానిని జానెడు లోతు గ్రుచ్చి, కొంతసేపుంచి తీసిన, తడి మన్ను దాని కంటుకొనివచ్చును. సంచులను చేత నెత్తి చూచుట అన్నిటికంటె సులువు. నిండుగ తడిపిన సంచి బరువును, ఎండిన సంచి బరువును ఒకసారి చేతికి అలవాటు చేసికొన్నచో, నూఱు సంచుల వరుసను పావుగంటలో పరీక్షింపవచ్చును. మట్టి కుండీకి మఱియొక ఉపాయము గలదు. సంతలో కుండ కొనునప్పుడు వ్రేలి కణుపుతో కొట్టి చూచుదుము గదా! కుండీని కూడ అట్లే కొట్టిన, లోన మన్ను ఎండియుండిన ఖంగున మ్రోగును, తడిగ నుండిన మొద్దు చప్పుడగును. సిమెంటు తొట్టికిని ప్లాస్టిక్ కుండీకిని ఇది పనికిరాదు.

నీరు పోయవలసిన దినమున కడుపునిండ పోయవలయును. దినమునకు ఒక గ్లాసు చొప్పున పై పై చిలకరించుట మిక్కిలి చెడ్డ యలవాటు. అట్లు చేసిన పై రెండంగుళములే తడిసి, వేళ్ళు తడి నాశించి పైపైనే వ్యాపించి, ఒక్క దినము నీరు తప్పిన ఎండకు మాడిపోవును. అడుగు రంధ్రమునుండి నీరు బయటికి వచ్చువఱకు మెల్లగ పోసి, పిమ్మట వ్రేలు చెప్పువఱకు ఊరకుండవలయును.

ఇక్కడ నొక జాగ్రత్త. మిక్కిలి ఎండిన మన్ను కుంచించుకొని కుండీ గోడను విడుచును. అప్పుడు పోసిన నీరు ఆ సందునుండి జాఱి వెంటనే అడుగు రంధ్రమున బయటపడును. చూచువారు చాలునని తలంతురు, నడిమి మన్నుగడ్డ మాత్రము సున్నము వలె పొడిగనే యుండును. అట్టి కుండీని వెడల్పయిన తొట్టి నీటిలో అరగంట దింపి, బుడగలు వచ్చుట ఆగిన పిమ్మట తీసి వడియనీయవలయును. ఎత్తుటకు సాధ్యము గానిచో, పది నిమిషముల యెడముతో మూడు విడతలుగ కొంచెము కొంచెము పోయుడు. రేగడి మన్నుతో నింపిన కుండీలలో ఈ చిక్కు నిత్యము వచ్చుచుండును. మన రేగడి శనగకు, ప్రత్తికి, జొన్నకు బంగారమే గాని కుండీకి మంచిది గాదు. తడిసిన జిగురై గాలి చొరనీయదు, ఎండిన బీటలు వాఱి వేరును త్రెంచును. రేగడిలో గుప్పెడు ఇసుక కలిపినంత మాత్రమున దాని గుణము మాఱదు. ఎఱ్ఱమన్ను రెండు పాళ్ళు, పెన్న ఇసుక యొక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపుట మేలు.

కుండీ అడుగున మూడు నాలుగంగుళముల మందమున గులకరాళ్ళు, పెంకులు పోసిన నీరు బాగుగ ఇంకునని పలువుర నమ్మకము. ఇది సరికాదు. సన్నని మన్ను పూర్తిగ నానువఱకు నీటిని క్రింది రాళ్ళలోనికి విడువదు. కావున ఆ తడి పొర అడుగున నుండుటకు బదులు రాళ్ళపైకి లేచి వేళ్ళకు మఱింత దగ్గఱ యగును. వేళ్ళకు దక్కవలసిన చోటు తగ్గును. రంధ్రముపై మన్ను జాఱకుండ ఒక పెంకు బోర్లించిన చాలును. రంధ్రము తెఱచియుండుట ముఖ్యము. మన యిండ్లలో ముంగిట కడప బండలు పఱచి, వానిపై కుండీలు నుంచుట వాడుక. బండ నున్నగ నుండుటచే కుండీ అడుగు దానికి అంటుకొని రంధ్రము మూసికొనిపోవును. అదిగాక మే మాసమున ఆ నల్లని బండ కాలు మోపరానంతగ కాలును. ఆ వేడి యంతయు వేరున కెక్కును. ప్రతి కుండీ క్రింద మూడు ఇటుక ముక్కలు పెట్టిన ఈ రెండు బాధలును తీరును. మిద్దెపైని కుండీలకు ఇది మఱింత అవసరము. క్రింద పళ్ళెము లుంచువారు నీరు పోసిన అరగంటకు వానిని వంచివేయవలయును. లేనిచో వేరు కుళ్ళుటయే గాక డెంగీ దోమకు అది పుట్టినిల్లగును.

వేళను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. ప్రొద్దు పొడుచునప్పుడు పోయుట ఉత్తమము. పట్టపగలు ఆకుపై పడిన నీటి బిందువు అద్దము వలె ఎండను కేంద్రీకరించి ఆకును కాల్చునను మాట కలదు. 2010వ సంవత్సరమున హంగరీ దేశపు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, నున్నని ఆకులకు అట్టి భయము లేదని తేల్చిరి. కాబట్టి పగటి పూట వాడియున్న ఎండు సంచిని సాయంకాలము వఱకు కాచియుండనక్కఱలేదు. ఎండలో పడియున్న నల్లని గొట్టములోని నీరు మాత్రము పొగలు గ్రక్కునట్లుండును. ఆ మొదటి నీటిని బిందెలో పట్టి చల్లార్చుకొని, చేతికి చల్లగ తగిలిన పిమ్మటనే మొక్కకు పెట్టవలయును.

కార్తెల ననుసరించి చూచిన, రోళ్ళు పగులునని పెద్దలు చెప్పెడి రోహిణి యందు సంచులను ఉదయ సాయంకాలములు రెండు పూటలును, నడితరము కుండీలను ప్రతిదినము పరీక్షింపవలయును. మృగశిర ప్రవేశించి మబ్బులు పట్టిన వెంటనే ఈ యలవాటును మార్చుకొనకపోవుటచే చచ్చు మొక్క లెన్నియో! గాలిలో తేమ పెరిగిన మొక్క త్రాగు నీరు తగ్గును. అట్లని చినుకు పడినదిగదా యని ఊరకుండుటయు ప్రమాదమే. 5 మిల్లీమీటర్ల వాన 12 అంగుళముల కుండీలో పడవేయునది గట్టిగ 350 మిల్లీలీటర్లు. గుబురైన ఆకులు అందులో సగము బయటికి చిమ్మివేయును. మన పెన్న, పాపాఘ్ని తీరములలో వీధి తడిసిన వానలు పెక్కు కుండీ తడియని వానలే. స్వాతి, విశాఖలలో ముసురు పట్టినప్పుడు దీనికి విపరీతము: కుండీలను ఒరగబెట్టి నీరు వడియునట్లు చేసి, దినములకొలది నీరు పోయకుండుటయే సేవ.

నీటి గుణము కూడ లెక్కింపదగినది. మన ప్రాంతమున పెక్కు బోర్ల నీరు ఉప్పదనము గలది. నీరు ఆవిరియై పోవును, ఉప్పు కుండీలోనే మిగులును. కుండీ గోడపైనను మన్ను అంచుననను తెల్లని పొర పట్టుట దాని గుఱుతు. చీనీ, నిమ్మ మొక్కలు ఉప్పును ఓర్వజాలవు. ఆకుల కొనలు కాలినట్లు గోధుమవన్నె తిరుగును. అందుచేతనే పోసిన నీటిలో పదవ పాలైనను అడుగునుండి బయటికి పోవలయునని చెప్పుట. నెలకొకసారి, దొరకినచో వాననీటితో, కుండీలోని మన్నుకు ఇబ్బడి నీటిని మెల్లగ పోసి కడిగివేయవలయును. మిద్దె నీటిని పీపాలో పట్టియుంచుకొను ఇంటివారికి ఇది కష్టము గాదు.

నీరు పొదుపు చేయు మార్గములలో మొదటిది మన్నుపై వేరుశనగ పొట్టు గాని ఎండుటాకులు గాని రెండంగుళముల మందమున పఱచుట. కాండమునకు మాత్రము తగులనీయరాదు. రెండవది కుండీలను విడివిడిగ గాక దగ్గఱ దగ్గఱ చేర్చి, పడమటి ఎండ తగులకుండ గోడ చాటున నుంచుట. పెద్ద తొట్టిలో చిన్న మట్టికుండను మెడవఱకు పాతి, అందు నీరు నింపి మూత పెట్టుట మూడవది. నీరు కుండ గోడనుండి మెల్లగ ఊరి వేరునకు చేరును. ఈ యుపాయము చాల పురాతనము. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున చీనా దేశమున ఫాన్ షెంగ్‌చీ యను నాతడు రచించిన వ్యవసాయ గ్రంథమున, కుండను పాతి దాని చుట్టు పుచ్చజాతి తీగలు నాటు విధానము చెప్పబడియున్నది. కుండకు రంగు గాని నూనె గాని పూయరాదు.

2003వ సంవత్సరమున మన రాష్ట్రమున సూక్ష్మ నీటిపాఱుదల పథకము ఆరంభమైన పిమ్మట డ్రిప్ గొట్టములు చీనీ రైతులకు చిరపరిచితములైనవి. మిగిలిన సన్న గొట్టములతో ఇంటి కుండీలకును నర్సరీ వరుసలకును నీరు పెట్టవచ్చును. గంటకు 4 లీటర్లిచ్చు డ్రిప్పరు అర లీటరు నిచ్చుటకు ఏడెనిమిది నిమిషములు చాలును. ఇంటివారు ఊరికి పోయినప్పుడు ఇది మిక్కిలి యుపకారి. గొట్టము కట్టితిమిగదా యని వ్రేలు పెట్టి చూచుట మానరాదు. ఉప్పునీటికి డ్రిప్పరు మూసికొనిపోయిన సంగతి మొక్క వాడిన పిమ్మట గాని తెలియదు.

తులసికి నిత్యము నీరు పోయుట మన ఇండ్లలో ఆచారము. దానిని మానుమని చెప్పుట మా యుద్దేశము గాదు. వానాకాలమున, శీతకాలమున ఆ నిత్యపు నీరు ఉద్ధరిణెడైన చాలును. వేసవిలో చెంబెడు పోయవచ్చును. కోట అడుగున నీరు పోవు దారి ఉన్నదో లేదో ఒకసారి చూచుకొనుడు. కలబంద, బ్రహ్మజెముడు జాతులకు మన్ను పూర్తిగ ఎండిన పిమ్మటనే నీరు. మల్లె, కనకాంబరము, కరివేప నడితరముగ కోరును. కొత్తిమీర, మెంతికూర వంటి ఆకుకూరలకు మాత్రము పైమన్ను ఆఱనీయరాదు.

సంచులలోని చీనీ మొక్కలను నాటుటకు వాన కుదిరినప్పుడు, ముందునాటి సాయంకాలమున సంచులను నిండుగ తడిపి వడియనీయుడు. పొడిగడ్డ విరిగి వేళ్ళు తెగును, అప్పుడే తడిసిన గడ్డ బురదయై రాలును, రాత్రి వడిసిన గడ్డ చేతిలో నిలుచును. తెల్లవాఱి సంచిని బ్లేడుతో నిలువుగ కోసి, గడ్డ చెదరకుండ గుంటలో నుంచి, అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున నుండునట్లు మన్ను పూడ్చుడు. నాటిన వెంటనే ఒక తడి ఇయ్యవలయును. ఆ తరువాతి వారము రోజులు గుంట మన్ను తడిగ కనబడినను, పాత గడ్డలోనికి వ్రేలు దింపియే చూడుడు. వేరు ఇంకను అందులోనే యున్నది. చుట్టు నేల తడిగ నుండగనే ఆ గడ్డ ఎండిపోవుట కలదు.